సింథటిక్ ఉత్ప్రేరక మాదకద్రవ్యాలతో ఆరోగ్యానికి ముప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెథ్, ఎక్స్‌టసీ, మెఫెడ్రోన్ లాంటి సరుకు గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాడేవాళ్లు, పక్కనుండే స్నేహితులు, కంగారుపడే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నల్ని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీ ఎదుట ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, మూర్ఛతో, ఛాతీ నొప్పితో, మాట తడబడుతూ ఉంటే మాత్రం చదవడం ఆపి ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

## తీసుకోకముందు వచ్చే సందేహాలు

సింథటిక్ ఉత్ప్రేరకాలు అంటే ఏవేవి?

రసాయనాలతో తయారుచేసిన, మెదడునీ గుండెనీ పరుగులు పెట్టించే మందులు. ముఖ్యంగా మూడు కుటుంబాలు. మొదటిది ఆంఫెటమైన్ (స్పీడ్), మెథాంఫెటమైన్ (మెథ్, ఐస్, క్రిస్టల్). రెండోది ఎండీఎంఏ (ఎక్స్‌టసీ, మోలీ). మూడోది కాథినోన్లు: మెఫెడ్రోన్, ఎండీపీవీ, ఆల్ఫా-పీవీపీ (ఫ్లాకా), బాత్ సాల్ట్స్ పేరుతో అమ్మే పొడులు. కొత్త తరం మందులని పేరే గానీ ఆంఫెటమైన్‌ని 1887లో, మెథ్‌ని 1893లో, మెఫెడ్రోన్‌ని 1929లోనే తయారుచేశారు. ఎండీఎంఏకి 1912లో జర్మనీలో పేటెంట్ దరఖాస్తు పడింది. కొకైన్ మొక్క నుంచి వస్తుంది కాబట్టి ఈ జాబితాలోకి రాదు, కానీ గుండెకి అది చేసే హాని దాదాపు ఇలాంటిదే.

ఇవి ఒంట్లో ఏం చేస్తాయి?

మెదడు కణాలు డోపమైన్, నారడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాల్ని కొద్దికొద్దిగా వదిలి, పనవగానే తిరిగి లోపలికి తీసుకుంటాయి. ఆంఫెటమైన్, మెథ్, ఎండీఎంఏ, మెఫెడ్రోన్ ఈ దారిని తలకిందులు చేస్తాయి. నిల్వ ఉన్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చిపడుతుంది. ఎండీపీవీ, ఆల్ఫా-పీవీపీ తిరిగి వెళ్లే దారిని మూసేస్తాయి. కొకైన్ చేసే పనీ అదే, కానీ వీటి పట్టు చాలా గట్టిది. డోపమైన్ వల్ల హుషారు వస్తుంది, మళ్లీ కావాలన్న తహతహ పుడుతుంది. నారడ్రినలిన్ రక్తనాళాల్ని బిగించి, గుండెని ఉరికించి, రక్తపోటుని పెంచుతుంది. సెరటోనిన్ ఎక్కువైతే కండరాలు బిగుసుకుని ఒళ్లు వేడెక్కుతుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోవడంతో ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. ఈ మందులతో జరిగే హఠాన్మరణాల వెనుక ఎక్కువగా ఉండేవి గుండె, మెదడులో రక్తస్రావం, ఈ వేడి. మొదటి రెండింటి గురించి చాలామందికి తెలుసు. వేడి గురించి తెలిసినవాళ్లు తక్కువ. పక్కనున్నవాళ్లు వెంటనే ఏమైనా చేయగలిగేది మాత్రం దాని విషయంలోనే.

ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, నిలకడ లేని సమస్యకి) డాక్టర్లే ఆంఫెటమైన్ రాస్తారు కదా, మరి భయమెందుకు?

డాక్టర్ రాసే మోతాదు మిల్లీగ్రాముల్లో కొలిచి ఉంటుంది. నోటి ద్వారా మెల్లగా ఒంట్లోకి చేరుతుంది. రక్తపోటు, గుండె వేగం, బరువు, నిద్ర చూస్తూ దాన్ని సరిచేస్తుంటారు. అదే మాత్రని పొడిచేసి పీలిస్తే, గంటల తరబడి విడుదల కావలసిన మందంతా నిమిషాల్లో మెదడుకి చేరుతుంది. మందు మెదడుకి ఎంత వేగంగా చేరితే వ్యసనం అంత గట్టిగా పట్టుకుంటుంది. చదువు కోసమని స్నేహితుడి మాత్ర అడిగి వేసుకోవడం కూడా మంచిది కాదు. అతని గుండె పరిస్థితి చూసి రాసిన మందు అది, మీది కాదు. ఇక మీకే డాక్టర్ రాసి ఉంటే, ఇక్కడ చదివిన భయంతో దాన్ని మానేయకండి.

పొడినో మాత్రనో చూసి ఏముందో చెప్పగలమా?

చెప్పలేం. రంగు, ముద్ర, రుచి, అమ్మినవాడి మాట, ఏదీ నమ్మదగింది కాదు. ఒకే ముద్ర ఉన్న ఎక్స్‌టసీ మాత్రల్లో కూడా మందు ఒకదానిలో ఉన్నదానికి మరోదానిలో కొన్ని రెట్లు ఉండొచ్చు. ఎండీఎంఏ పేరుతో పీఎంఏ, పీఎంఎంఏ అనే మందులు అమ్ముడుపోతుంటాయి. ఇవి నెమ్మదిగా ఎక్కుతాయి. ‘ఇది పనిచేయట్లేదు’ అనుకుని రెండోది వేసుకుంటారు, కాసేపటికి రెండూ కలిసి ఒంటిని కాల్చేస్తాయి. నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్లు (శ్వాసని నెమ్మదింపజేసే, నల్లమందు తరహా మత్తుమందులు) కలిసి ఉండే ప్రమాదమూ ఉంది. సరుకుని పరీక్షించే ఫెంటనిల్ స్ట్రిప్ ఫెంటనిల్‌నే పడుతుంది, నైటజీన్లనే మరో రకం ఓపియాయిడ్లని పట్టదు. అందులో ఏమీ తేలకపోతే సరుకు మంచిదని అర్థం చేసుకోకూడదు.

ఎవరికి మామూలుకన్నా ఎక్కువ ప్రమాదం?

రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయిన చరిత్ర ఉన్నవాళ్లకి. మూర్ఛ వ్యాధి, బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకి, గర్భిణులకి. ఉక్కపోతగా ఉన్న చోట, గుంపులో, ఆపకుండా ఎగిరేవాళ్లకి ముప్పు ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యంగా, కండపుష్టితో ఉన్నంతమాత్రాన రక్షణ ఉండదు. బిగుసుకున్న కండరం ఎంత ఎక్కువుంటే వేడి అంత ఎక్కువ పుడుతుంది.

ఏ మందులతో కలిస్తే ప్రాణం మీదకొస్తుంది?

అన్నిటికన్నా ప్రమాదం మోనోఅమైన్ ఆక్సిడేజ్ నిరోధకాలతో (సెరటోనిన్ లాంటి రసాయనాల్ని విరిచే ఎంజైమ్‌ని ఆపే మందులతో): ఫినెల్జిన్, ట్రానిల్‌సిప్రొమిన్, మోక్లోబెమైడ్, యాంటీబయాటిక్ అయిన లినెజోలిడ్. ఫినెల్జిన్, ట్రానిల్‌సిప్రొమిన్ ఆపేశాక కూడా 2 వారాల దాకా వాటి ప్రభావం పోదు. నొప్పి మాత్ర ట్రమడాల్‌తో కలిస్తే మూర్ఛలు, సెరటోనిన్ సిండ్రోమ్ (సెరటోనిన్ మితిమీరి ఒళ్లు వేడెక్కి, కండరాలు బిగుసుకునే స్థితి) రెండూ రావచ్చు. దగ్గు మందుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్ కూడా సెరటోనిన్‌ని పెంచేదే. హెచ్‌ఐవీ చికిత్సలో వాడే రిటోనవిర్, కోబిసిస్టాట్ కాలేయం పనిని అడ్డుకుని ఎండీఎంఏ, మెథ్ మోతాదుని రక్తంలో ఎన్నో రెట్లు పెంచగలవు.

మద్యంతో కలిపితే తాగిన మత్తు తెలియదు, ఎక్కువ తాగేస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్‌తో కలిపినప్పుడు ఉత్ప్రేరకం ముందు దిగిపోయి, ఓపియాయిడ్ మిగిలి, శ్వాస ఆగుతుంది. సిల్డెనఫిల్ (వయాగ్రా) వేసుకుని ఉంటే ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రోగ్లిజరిన్ ఇవ్వడం ప్రమాదం. ఆ మాత్ర సంగతి డాక్టర్‌కి సిగ్గుపడకుండా చెప్పాలి.

## తీసుకున్న కొన్ని గంటల్లో

గుండె దడ, పళ్లు బిగుసుకుపోవడం మామూలేనా? ఎప్పుడు భయపడాలి?

కనుపాపలు పెద్దవవడం, దవడ బిగుసుకోవడం, చెమటలు, దడ, ఆకలి లేకపోవడం ఈ మందులు వేసుకున్న చాలామందిలో కనిపిస్తాయి. వీటితోపాటు ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అత్యవసరమే:

- చర్మం ముట్టుకుంటే కాలిపోతుండటం, లేదా జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటడం
- ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం
- ఎన్నడూ లేనంత తలనొప్పి, మూతి వంకరపోవడం, ఒకవైపు చేయి కాలు పట్టు తప్పడం
- మూర్ఛ, కాళ్లు కొయ్యబారడం, పాదాలు మడమల దగ్గర ఆగకుండా అదురుతూ కొట్టుకోవడం
- ఎక్కడున్నాడో తెలియనంత అయోమయం

పోసిన చెమట ఆగిపోయి ఒళ్లు పొడిగా, వేడిగా మారితే తగ్గుముఖం పట్టిందని పొరబడకండి.

ఒళ్లు కాలిపోతోంది, మాట అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా చల్లబరచడం మొదలుపెట్టండి. 40 డిగ్రీలు దాటిన ఒంటిలో కండరాలు కరగడం, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతినడం, కాలేయం, మూత్రపిండాలు ఆగిపోవడం గంటల్లో జరిగిపోతాయి. ఎంత త్వరగా చల్లబరిస్తే బతికే అవకాశం అంత ఎక్కువ.

గుంపులోంచి, వేడిలోంచి బయటికి తీసుకురండి. వీలైనన్ని బట్టలు తీసేయండి. ఒంటి నిండా నీళ్లు పోసి విసరండి, లేదా ఫ్యాన్ ముందు ఉంచండి. తడి, గాలి రెండూ కలిస్తేనే వేడి బయటికి పోతుంది. పొడి ఒంటి మీద ఫ్యాన్ వేస్తే లాభం తక్కువ. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి మెడకి రెండు వైపులా, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పెద్ద రక్తనాళాలు అక్కడ చర్మానికి దగ్గరగా ఉంటాయి. చన్నీళ్ల తొట్టి బాగా పనిచేస్తుంది గానీ, మనిషి స్పృహలో ఉండి, తల నీటిపైన ఉండేలా ఎవరైనా పట్టుకోగలిగితేనే. మూర్ఛ వస్తున్నవాళ్లని, పెనుగులాడేవాళ్లని నీళ్లలో దించకండి.

పారాసెటమాల్ వేయకండి. మామూలు జ్వరంలో మెదడు తానే ఉష్ణోగ్రతని పైకి పెట్టుకుంటుంది, ఆ మాత్ర దాన్ని కిందికి దించుతుంది. ఇక్కడ వేడి పుడుతున్నది కండరాల్లో. మాత్ర దానికి పనిచేయదు, పైగా అప్పటికే అలసిన కాలేయానికి భారం. చంకలో పెట్టిన థర్మామీటర్ 38.5 చూపించినా లోపలి వేడి అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. అంకె కన్నా మనిషి అయోమయాన్ని నమ్మండి.

ఆసుపత్రిలో లోరజెపామ్, డయజెపామ్, మిడజొలామ్ లాంటి మందులతో మనిషిని శాంతపరుస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. అవసరమైతే మత్తిచ్చి కండరాల్ని సడలించి వెంటిలేటర్ మీద ఉంచుతారు. ఈ మందులకి విరుగుడు ఇంజెక్షన్ ఏదీ లేదు.

నీళ్లు ఎంత తాగితే అంత మంచిదా?

కాదు. ఎండీఎంఏ వాడినప్పుడు మరీ కాదు. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ని అది విడుదల చేయిస్తుంది. తాగిన నీరు మూత్రంగా పోక రక్తాన్ని పలచబరుస్తుంది. లీటరు రక్తంలో 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సిన సోడియం 125 కిందికి పడిపోతే మెదడు ఉబ్బి, తలనొప్పి, వాంతులు, మూర్ఛ, కోమా రావచ్చు. ఆడవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. చెమటలు కారేలా ఎగురుతున్నా గంటకి అర లీటరు మించకుండా, కూర్చుని ఉంటే అందులో సగం, గుక్కగుక్కగా తాగాలి. ఉప్పు ఉన్న ద్రవం వట్టి నీళ్లకన్నా నయం. అప్పటికే తికమకగా మాట్లాడుతున్న మనిషికి ఇంకా నీళ్లు తాగించడం తప్పు.

మూర్ఛ వస్తే నోట్లో ఏమైనా పెట్టాలా?

ఏమీ పెట్టకూడదు. చెంచా, తాళాలు, నీళ్లు, ఏవీ వద్దు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, మొదలైన సమయం చూసుకోండి. కుదుపులు ఆగగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మామూలు మూర్ఛ రోగికి 5 నిమిషాలు దాటితే ఆసుపత్రి అంటారు. మందు వల్ల వచ్చిన మూర్ఛకి ఆ 5 నిమిషాలు ఆగకండి, వెంటనే పిలవండి.

పాతికేళ్లవాడికి గుండెపోటు ఎలా వస్తుంది?

కొవ్వు పేరుకోని రక్తనాళం కూడా ఈ మందులకి ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. గుండె వేగం పెరిగి ఆక్సిజన్ ఎక్కువ కావలసిన సమయంలోనే సరఫరా తగ్గుతుంది. రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. బృహద్ధమని గోడ చీలడం, మెదడులో నాళం పగలడం కూడా జరుగుతాయి. అందుకే ఛాతీ నొప్పికి ఇంట్లో ఉన్న గుండె మాత్రలు సొంతంగా వేయొద్దు. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచొచ్చు. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) కొందరిలో నాళాల బిగుతుని ఇంకా పెంచొచ్చు. ఉత్ప్రేరకం వాడారని తెలిస్తే డాక్టర్లు చికిత్స వరుసనే మారుస్తారు.

ఎవరో వెంటాడుతున్నారని విరుచుకుపడుతున్నాడు. పట్టుకుని కట్టేయాలా?

వద్దు. పెనుగులాటలో కండరాల వేడి, రక్తంలో ఆమ్లం రెండూ పెరుగుతాయి. బోర్లా పడేసి వీపు మీద కూర్చుంటే ఊపిరాడక గుండె ఆగిపోవచ్చు. లైట్లు, పాట తగ్గించండి. ఒక్కరే, తక్కువ గొంతుతో, పొట్టి మాటలతో మాట్లాడండి. ‘ఇక్కడెవరూ లేరు’ అని వాదించొద్దు, నిజమేనని ఒప్పుకోవద్దు. ‘నీకు భయంగా ఉంది, నేను పక్కనే ఉన్నా’ అంటే చాలు. తలుపుకీ అతనికీ మధ్య నిలబడకండి. కత్తులు, గాజు సామాను కంటపడకుండా తీసేయండి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ‘గొడవ చేస్తున్నాడు’ అనకండి, ‘వైద్య అత్యవసరం, ఒళ్లు వేడిగా ఉంది, డ్రగ్స్ తీసుకున్నాడు’ అని చెప్పండి. రెండో మాటకి అంబులెన్స్ వస్తుంది.

ఓపియాయిడ్లకి విరుగుడైన నలోక్సోన్ పనిచేస్తుందా?

ఉత్ప్రేరకం మీద పనిచేయదు. కానీ మనిషి పలకకుండా, శ్వాస నెమ్మదించి, కనుపాపలు గుండుసూది మొనంత ఉంటే సరుకులో ఓపియాయిడ్ కలిసి ఉండొచ్చు. అప్పుడు నలోక్సోన్ ఉంటే ఇవ్వండి. అది ఓపియాయిడ్ కాకపోయినా దానివల్ల నష్టం ఉండదు.

పట్టుబడతానని ప్యాకెట్ మింగేశాడు, ఇప్పటికి బాగానే ఉన్నాడు. ఆగి చూడొచ్చా?

ఆగకూడదు. ప్లాస్టిక్ చిరిగే క్షణం దాకా బాగానే ఉంటాడు. చిరిగితే ఒకేసారి ఎన్నో డోసులు రక్తంలోకి చేరతాయి. వాంతి చేయించొద్దు, విరేచనాల మందు వేయొద్దు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి ఏం మింగాడో, ఎందులో చుట్టి మింగాడో చెప్పండి.

ఆసుపత్రిలో నిజం చెప్పాలా? కేసవుతుందేమో?

చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. వైద్యం మాత్రం ఎక్కడైనా నిజం మీదే నడుస్తుంది. మామూలు మూత్ర పరీక్ష చాలా కాథినోన్లని పట్టలేదు, కాబట్టి డాక్టర్‌కి దారి చూపేది మీ మాటే. ఏం తీసుకున్నారు, ఎంత, ఎన్ని గంటలకి, ఏ దారిలో, దానితోపాటు ఇంకేం తీసుకున్నారు, రోజూ వాడే మందులేవి: ఈ ఆరు చెప్పండి. మిగిలిన పొడి, మాత్ర, కవరు ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

## మరుసటి రోజు నుంచి వారం దాకా

రెండు రోజులుగా లేవకుండా నిద్రపోతున్నాడు. లేపాలా?

రోజుల తరబడి మేలుకున్నాక 24 నుంచి 48 గంటలు నిద్రపోవడం మెథ్ వాడేవాళ్లలో తరచుగా జరిగేదే. పిలిస్తే కళ్లు తెరిచి జవాబివ్వాలి, మంచినీళ్లు తాగగలగాలి. కొన్ని గంటలకోసారి అలా లేపి చూడండి. గట్టిగా కుదిపినా పలకకపోతే, గురక గరగరమంటుంటే, శ్వాస నిమిషానికి 10 కన్నా తక్కువుంటే, పెదాలు నీలంగా మారితే అది అలసట నిద్ర కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే సాయం పిలవండి.

దిగిపోయాక ఎందుకింత దిగులు? బతకాలనిపించట్లేదు.

ఊట ఊరేలోపే తోడేసిన బావిలా మెదడులో డోపమైన్, సెరటోనిన్ అడుగంటి ఉంటాయి. ఎండీఎంఏ వాడినవాళ్లకి రెండు మూడు రోజుల తర్వాత ఈ దిగులు కమ్ముకుంటుంది. మెథ్ మానినవాళ్లకి మొదటి 7 నుంచి 10 రోజులు చాలా గడ్డుగా ఉంటాయి. నిద్ర, విపరీతమైన ఆకలి, చిరాకు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటాయి. ఈ దిగులు చాలామందిలో వారాల్లో పలచబడుతుంది, కానీ ఆ లోపల ఆత్మహత్య ఆలోచనలు నిజంగా ప్రాణం తీయగలవు. మీకు అలాంటి ఆలోచన వస్తుంటే ఒంటరిగా ఉండకండి. ఎవరో ఒకరికి ఆ మాట పైకి చెప్పండి, అత్యవసర విభాగానికో ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు ఆ రోజుల్లో మాత్రలు, పురుగుమందు, ఆయుధాలు అందుబాటులో లేకుండా చేయాలి. నేరుగా ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ఒళ్లంతా నొప్పులు, మూత్రం కోలా రంగులో వస్తోంది. ఎందుకు?

కండరాలు కరిగి, మయోగ్లోబిన్ అనే పదార్థం మూత్రపిండాల్లో చేరుతోందని అనుమానించాలి. తీసుకున్న ఒకటి రెండు రోజుల తర్వాత కూడా ఇది బయటపడుతుంది. రక్తంలో క్రియాటిన్ కైనేజ్, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు ఆ రోజే చేయించాలి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. నొప్పి తగ్గడానికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి, అవి మూత్రపిండాల్ని ఇంకా దెబ్బతీస్తాయి.

పరీక్షలో ఎన్ని రోజులు కనబడుతుంది? జలుబు మాత్రకి కూడా పాజిటివ్ వస్తుందా?

ఆంఫెటమైన్, మెథ్ మూత్రంలో మామూలుగా 2 నుంచి 4 రోజులు, విడవకుండా వాడేవాళ్లలో వారం దాకా కనిపిస్తాయి. వెంట్రుకలో సుమారు 90 రోజులు. త్వరిత పరీక్షల్లో సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, బ్యుప్రోపియాన్, లాబెటలాల్ తప్పుడు పాజిటివ్ చూపించొచ్చు. సందేహముంటే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారణ పరీక్ష అడగాలి.

## నెలలు, ఏళ్ల తరబడి వాడితే

నెలకోసారి వాడితే వ్యసనం కాదు కదా?

ఎన్నిసార్లు అన్నదాని కన్నా, ఆపాలనుకున్నప్పుడు ఆపగలుగుతున్నారా అన్నది చూడాలి. మెఫెడ్రోన్ ప్రభావం రెండు మూడు గంటల్లో దిగిపోతుంది కాబట్టి ఒకే రాత్రి మళ్లీ మళ్లీ వేసుకుంటారు, గ్రాములు అయిపోతాయి. మెథ్ ప్రభావం 8 నుంచి 12 గంటలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఉంటుంది కాబట్టి నిద్ర లేని రోజులు వరుసకడతాయి. వ్యసనం లేకపోయినా గుండెపోటు, అతివేడి ఒక్క రాత్రిలోనే రావచ్చు.

మెథ్ వాడితే పిచ్చి పడుతుందా?

వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనుమాన భ్రమలు, చెవిలో గొంతులు వస్తాయి. నిద్ర లేని రోజులు పెరిగేకొద్దీ ఇవి ముదురుతాయి. మందు ఆపి నిద్రపోతే ఎక్కువమందికి కొన్ని రోజుల్లో తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, విడిగా ఉన్న మానసిక వ్యాధి బయటపడిందేమో సైకియాట్రిస్టు చూడాలి. ఒకసారి ఇలా వచ్చిన మెదడుకి తర్వాత చాలా చిన్న డోసుతో, కొందరికి మందు లేకుండా నిద్రలేమితోనే, అదే స్థితి తిరగబడుతుంది. ‘క్రితంసారి కన్నా తక్కువే తీసుకున్నా కదా’ అన్న లెక్క అందుకే తప్పుతుంది.

మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు వస్తున్నాయి. మందుకీ దీనికీ సంబంధముందా?

ఉండొచ్చు. మెథ్ గుండె కండరాన్ని సాగదీసి బలహీనపరుస్తుంది, ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపోటుని పెంచుతుంది. ఎకో పరీక్ష చేయించండి. గుండె కండరం దెబ్బతిన్నవాళ్లలో మందు పూర్తిగా మాని, గుండె చికిత్స తీసుకున్నవాళ్లు చాలావరకు కోలుకోవడం చూస్తుంటాం. వాడుతూనే మాత్రలు మింగితే ఆ ఫలితం రాదు. ఊపిరితిత్తుల నాళాల జబ్బు మాత్రం అంత సులువుగా వెనక్కి తగ్గదు.

పళ్లు ఎందుకు అలా పుచ్చిపోతాయి?

లాలాజలం తగ్గి నోరెండిపోతుంది, దవడ రాత్రీపగలూ నూరుతుంది, దాహానికి తియ్యని కూల్‌డ్రింకులు తాగుతారు, రోజుల తరబడి పళ్లు తోమరు. నాలుగూ కలిసి చిగుళ్ల అంచు దగ్గర, ముందు పళ్ల మధ్య మొదలుపెట్టి తినేస్తాయి. వట్టి నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్, ఫ్లోరైడ్ పేస్టు మేలు చేస్తాయి. దంతవైద్యుడికి వాడకం సంగతి చెప్పాలి, ఎడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్‌తో గుండె లయ తప్పొచ్చు.

చర్మం కింద పురుగులు పాకుతున్నాయని గోకుతూనే ఉంటుంది. చర్మ వైద్యుడికి చూపించాలా?

పుండ్లకి చూపించాలి, కానీ పురుగులుండవు. ఇది మెదడులో పుట్టే స్పర్శ భ్రమ. గోళ్లు కత్తిరించండి, పుండ్లని సబ్బుతో కడిగి కప్పి ఉంచండి. ఎరుపు వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా యాంటీబయాటిక్ అవసరం. భ్రమ తగ్గాలంటే మందు ఆగాలి, నిద్ర రావాలి.

పీల్చడం, పొగ, సూది: ఏది తక్కువ ప్రమాదం?

సురక్షితమైన దారి లేదు, హాని మాత్రం దారిని బట్టి మారుతుంది. సూదితో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, చీముగడ్డలు వస్తాయి. సూదే కాదు, నీళ్లు, చెంచా, దూది పంచుకున్నా సోకుతాయి. ముక్కుతో పీల్చే గొట్టానికి అంటిన కొద్దిపాటి రక్తంతో కూడా హెపటైటిస్ సీ రావచ్చు. పొగ కొన్ని సెకన్లలో మెదడుకి చేరుతుంది కాబట్టి వ్యసనం గట్టిగా పట్టుకుంటుంది. ఇళ్లలో తయారైన మెథ్‌కాథినోన్‌ని సూదితో ఎక్కించుకున్న కొందరిలో అందులో మిగిలిన మాంగనీస్ మెదడులో చేరి, నడక, మాట శాశ్వతంగా దెబ్బతిన్నాయి. మందు మానినా ఆ నడక తిరిగి రాలేదు.

కడుపుతో ఉన్నాను, వాడాను. బిడ్డకి ఏమవుతుంది?

మాయ విడిపోవడం, రక్తపోటు, నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ పుట్టే ముప్పు పెరుగుతాయి. ఇప్పుడు ఆపినా మేలే, ఏ నెలలో ఆపినా మేలే. ఉత్ప్రేరకం ఆపడం వల్ల గర్భానికి నష్టం లేదు. ఓపియాయిడ్, మద్యం, నిద్రమాత్రలు కూడా వాడుతుంటే వాటిని మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్ దగ్గరే తగ్గించాలి. కడుపునొప్పితో రక్తస్రావమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈ మందులు తల్లిపాలలోకి వస్తాయి, వాడిన తర్వాత పాలివ్వడం గురించి ముందు డాక్టర్‌ని అడగండి.

మెదడు మళ్లీ మామూలవుతుందా?

చాలావరకు, కానీ నెమ్మదిగా. మెథ్ మానినవాళ్ల మెదడు స్కాన్లలో డోపమైన్‌ని తిరిగి లోపలికి తీసుకునే ట్రాన్స్‌పోర్టర్లు 12 నుంచి 17 నెలల్లో గణనీయంగా పెరిగాయి. జ్ఞాపకశక్తి, చేతి వేగం మాత్రం ఆ సమయానికి పూర్తిగా మామూలు కాలేదు. మొదటి మూడు నెలల్లో ఏకాగ్రత రావట్లేదని ‘నా మెదడు పాడైపోయింది’ అని తేల్చేసుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ఆ తీర్పు ఇచ్చుకోవడానికి అది చాలా తొందర.

## మానాలనుకున్నాక

ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదమా?

కేవలం ఉత్ప్రేరకమే వాడుతుంటే ఒక్కసారిగా ఆపొచ్చు. ఒంటికి ప్రాణాపాయం రాదు, దిగులే పెద్ద ముప్పు. మద్యం, అల్ప్రజోలమ్ లాంటి నిద్రమాత్రలు కూడా రోజూ తీసుకుంటుంటే సొంతంగా ఆపకండి, వాటిని హఠాత్తుగా మానితే మూర్ఛలొస్తాయి.

మాన్పించే మాత్ర ఏదైనా ఉందా?

మెథ్ వ్యసనానికంటూ ఆమోదం పొందిన మందు ఇప్పటికి లేదు. 2021లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో నెల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యుప్రోపియాన్ మాత్ర కలిపి ఇచ్చినవాళ్లలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 2.5 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది. ఉపయోగం నిజమే, పరిమితం కూడా. ఓపియాయిడ్ వాడేవాళ్లకి నెల్ట్రెక్సోన్ ఇవ్వకూడదు.

మరి ఏ చికిత్స నిజంగా పనిచేస్తుంది?

ఆధారాలు అన్నిటికన్నా బలంగా ఉన్నది కంటింజెన్సీ మేనేజ్‌మెంట్‌కి. వారానికి రెండు మూడుసార్లు మూత్ర పరీక్ష చేస్తారు. మందు లేదని తేలిన ప్రతిసారీ అప్పటికప్పుడే చిన్న బహుమతి, వరుసగా తేలేకొద్దీ విలువ పెరుగుతుంది. ఒకసారి తప్పితే మళ్లీ మొదటి విలువ నుంచి లెక్క మొదలవుతుంది. ‘మానినందుకు డబ్బులా?’ అని చాలామంది దీన్ని తీసిపారేస్తారు. ఆ చులకన వల్ల పనిచేసే చికిత్స రోగులకి అందకుండా పోతోంది. వెంటనే దొరికే సుఖానికి అలవాటుపడ్డ మెదడుకి, మానిన సుఖం కూడా వెంటనే కనబడటమే దీని కీలకం. దీనికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) తోడైతే ఏ మనిషి, ఏ వేళ, ఏ జీతం రోజు తహతహ పుట్టిస్తుందో ముందే పట్టుకోవడం నేర్చుకుంటారు.

మూడు నెలలు మాని మళ్లీ వాడాను. అంతా వృథా అయినట్టేనా?

కాదు. ఆ మూడు నెలల్లో గుండె, మెదడు కోలుకున్నది కోలుకున్నట్టే. వెంటనే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పాత మోతాదుని తట్టుకునే శక్తి ఇప్పుడు ఒంటికి లేదు. జైలు నుంచో, డీ-అడిక్షన్ కేంద్రం నుంచో బయటికొచ్చిన మొదటి రోజుల్లో పాత డోసే ప్రాణం తీస్తుంది. ఈ వారంలోనే కౌన్సెలర్‌ని కలవండి, జారిన రోజు ముందు 24 గంటల్లో ఏం జరిగిందో రాసుకుని వెళ్లండి.

మా ఇంట్లో ఒకడు వాడుతున్నాడని తెలిసింది. ఎలా మాట్లాడాలి?

ఎక్కి ఉన్నప్పుడు, దిగుతున్న మొదటి రోజు మాట్లాడొద్దు. నిద్రపోయి, తిని, తేరుకున్నాక కూర్చోండి. చూసినవే చెప్పండి: ‘మూడు రాత్రులు నిద్రపోలేదు, 6 కిలోలు తగ్గావు’. ‘నువ్వు చెడిపోయావు’ అంటే మాట అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు అడగాల్సింది ఒక్కటే, డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్లడం. చేతికి నగదు ఇవ్వకండి, తిండి, మందులు, ఆసుపత్రి ఖర్చు మీరే నేరుగా కట్టండి. గదిలో గొలుసుతో కట్టేయడం, దెబ్బలు కొట్టే కేంద్రాలకి పంపడం చికిత్స కాదు. అలాంటి చోట్ల ప్రాణాలు కూడా పోవచ్చు.

పసివాడు కింద దొరికిన మాత్ర నోట్లో పెట్టుకున్నాడు. ఏం చేయాలి?

లక్షణాల కోసం ఎదురుచూడకండి. నోట్లో మిగిలింది వేలితో తీసేయండి, వాంతి చేయించొద్దు, పాలు, ఉప్పునీళ్లు పట్టొద్దు. అంబులెన్స్‌ని పిలవండి లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తండి. కారణం లేకుండా ఆగని ఏడుపు, తల విసరడం, కళ్లు అదోలా తిరగడం, ఒళ్లు వేడెక్కడం పసివాళ్లలో ముందు కనిపిస్తాయి. వీటిని తేలు కుట్టిందనో, జ్వరమనో పొరబడతారు. మిగిలిన మాత్ర ముక్కని కవరులో వేసి వెంట తీసుకెళ్లండి, పిల్లవాడి బరువు, మింగి ఉండగల సమయం చెప్పండి.